బొమ్మ దానంతటదే కదలదు: మా పని మీద ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక ఫ్లెక్సీ షాపులో మొదలైంది నా పని. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో ముఖాలు తెల్లగా చేయడం, వెనకాల మేఘాలు పెట్టడం. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఇలస్ట్రేషన్లు, మోషన్ డిజైన్ (గీసిన బొమ్మలను, అక్షరాలను కదిలించే పని) చేస్తున్నాను. పని మారింది గానీ జనం అనే మాటలు మారలేదు. తరచూ వినేవాటికి ఒకసారి జవాబు రాసి పెడదామనిపించింది.

అపోహ: “కంప్యూటరే గీస్తది గదా తమ్మీ, నువ్వు చేసేదేముంది?”

సగం నిజమే. ఒక వస్తువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో రెండు కీఫ్రేమ్‌లు (గుర్తులు) పెడితే, మధ్యలోది సాఫ్ట్‌వేర్ నింపేస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే మాత్రం చాలాసార్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో నింపుతుంది. మన చుట్టూ ఉన్నవి చాలావరకు అలా కదలవు.

ఒక స్కూలు పిల్లల కోసం ఫ్లోరైడ్ నీళ్ల మీద 40 సెకన్ల వీడియో చేశాను. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఈ గోస మన జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి పేరే ‘నల్లగొండ టెక్నిక్’. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) దాన్ని రూపొందించింది. వీడియోలో ఒక షాటు: పటిక వేశాక మడ్డి ముద్దకట్టి అడుగుకు దిగాలి. మొదటిసారి చేస్తే కంకర రాళ్లు పడ్డట్టు పడ్డాయి. ఇలా కాదని ఒక గాజు గ్లాసులో చెరువు నీళ్లు పోసి, చిటికెడు పటిక పొడి వేసి, ఫోన్‌లో వీడియో తీసుకున్నాను. మడ్డి ముందు సుడి తిరుగుతుంది, ఒకదానికొకటి అంటుకుంటుంది, కాసేపు ఎటూ తేల్చుకోనట్టు ఆగుతుంది, అప్పుడు దిగుతుంది. ఆ కాసేపటి ఆగడం కోసం వేగాన్ని గీతలుగా చూపించే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీతలు వంచుతూ ఒకటిన్నర రోజు కూర్చున్నాను. బొమ్మ మారలేదు, అవే బూడిదరంగు చుక్కలు. మారిందల్లా ఎప్పుడు ఎంత వేగంగా కదలాలన్నదే.

పూర్తిగా చేత్తో గీస్తే లెక్క వేరు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, 40 సెకన్లకు 480. అందుకే ఆ వీడియోలో బిందె మోసుకుంటూ నడిచే మనిషిని మాత్రం చేత్తో గీసి, మిగతావన్నీ ముక్కలుగా చేసి కదిలించాను.

గీయడం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కువ. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ లేవు. దాన్ని ఎలా చూపించాలి? మొదటి స్టోరీబోర్డులో (షాట్లన్నీ వరుసగా గీసుకునే చిత్తుప్రతిలో) చెడ్డ నీళ్లకు ఆకుపచ్చ రంగు వేశాను. సైన్స్ మేడం చూసి, “అంటే తేటగున్న నీళ్లన్నీ మంచివే అనుకుంటరు పిల్లలు” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చివరికి రెండు గ్లాసుల్లోనూ ఒకటే నీలం వేసి, తేడాను పక్కన ఒక కొలబద్ద మీద చూపించాను, దాటకూడని హద్దుగా లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఎర్రగీత పెట్టి. ఇంకో తప్పూ ఆ మేడమే పట్టుకున్నారు. పొయ్యి మీద మరిగే గిన్నెను ఉపాయంలాగా గీశాను. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పెన్సిల్ గీతల దశలోనే దొరికాయి కాబట్టి పది నిమిషాల్లో సరిచేశాను. స్టోరీబోర్డు పంపితే చూడకుండానే బొటనవేలు బొమ్మ పెట్టేవాళ్లంటే నాకు టెన్షన్.

అపోహ: “బొమ్మ ఉన్నదే గదా అన్నా, జర చెయ్యి ఊపేటట్టు చెయ్యి.”

వాట్సాప్‌లో పంపిన ఫొటోలో చెయ్యి, చొక్కా, వెనక గోడ అన్నీ ఒకే పొర. చెయ్యి కత్తిరించి పక్కకు జరిపితే దాని కింద చొక్కా ఉండదు, చిల్లి ఉంటుంది. అక్కడ చొక్కా గీయాలి, భుజం దగ్గర కీలు పెట్టాలి. దానికంటే మొదటి నుంచి గీయడమే తొందరగా అవుతుంది. కదిలించే ఉద్దేశం ఉంటే గీయక ముందే చెప్పండి.

అపోహ: “ఇంగ్లిష్‌కు చేస్తున్నవ్ గదా, తెలుగుకు కూడా అట్లనే పెట్టు.”

ఈ ఒక్కదాని మీద నేను గంట మాట్లాడగలను. ఇంగ్లిష్ అక్షరాలు విడివిడి పూసలు. తెలుగులో ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాలు) గుర్తులు. ఒక్కో గుర్తూ టైపవుతున్నట్టు చూపించే టైప్‌రైటర్ ఎఫెక్ట్ తగిలించారంటే తెర మీద ముందు ‘స’, తర్వాత ‘స్’, తర్వాత ‘స్త’ అంటూ గిలగిల కొట్టుకుంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లాంటి భాషలకు తగ్గ సెట్టింగు లేకపోతే ఇంకా ఘోరం, వత్తులు ఊడిపోయి పక్కన నిలబడతాయి. డీటీపీ షాపులో అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్‌లో కొట్టిచ్చిన మ్యాటరైతే అసలు యూనికోడే కాదు. అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి.

నేను చేసేది ఇది. అక్షరదోషాలన్నీ ముందే ఇద్దరితో దిద్దిస్తాను. తర్వాత అక్షరాలను ఆకారాలుగా మార్చి, గుణింతం, వత్తులతో సహా ఒక్కో అక్షరాన్ని ఒక గుంపుగా కట్టి, ఆ గుంపును కదిలిస్తాను. ఆకారంగా మారాక టైప్ చేసి దిద్దే వీలుండదు. ‘శుభాకాంక్షలు’లో దీర్ఘం పోయిందని రెండర్ అయ్యాక (వీడియో ఫైలు తయారయ్యాక) ఫోన్ వస్తే ఆ రోజు అన్నం సహించదు.

చేత్తో రాస్తున్నట్టు చూపించేటప్పుడు ఇంకో చిక్కు. ‘స్త్రీ’నే తీసుకోండి. కంప్యూటర్ వరుసలో గుడిదీర్ఘం ఆఖరున వస్తుంది. పలక మీద మనం ముందు ‘సీ’ రాసి, తర్వాత వత్తులు వేస్తాం. వరుస తప్పితే చూసేవాళ్లు ఏం తప్పో చెప్పలేరు గానీ, ఏదో తేడా ఉందని పసిగడతారు.

అపోహ: “పోచంపల్లి డిజైన్ అంటే జిగ్‌జాగ్ గీతలే.”

ఇది నేనూ నమ్మినదే. ఒక పెళ్లిపత్రిక వీడియోకు అంచు గీయమంటే కత్తితో కోసినట్టు పదునైన గీతలతో గీసిచ్చాను. పోచంపల్లిలో ఒక నేత ఇంట్లో మగ్గం ముందు కూర్చున్నాక సిగ్గేసింది. అక్కడ రంగు బట్టకు వేయరు. నేయక ముందే నూలుకు చిటికీలు (గట్టి ముడులు) కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి కాబట్టి డిజైన్ గీతల అంచు మసకగా ఉంటుంది. పేక (అడ్డం) దారానికి రంగేస్తే అంచు అడ్డంగా చెదురుతుంది, పడుగుకు (నిలువు దారానికి) వేస్తే నిలువుగా, రెండింటికీ వేస్తే రెండు వైపులా. ఇప్పుడు నా దగ్గర దీనికోసమే రెండు బ్రష్‌లున్నాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. ఇలా రెండింటికీ రంగేసే పుట్టపాక తేలియా రుమాలు గీయమంటే మాత్రం ఇప్పటికీ భయమే.

“ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో మంచి పని రాదు” అనేవాళ్లకు ఒక్క మాట చాలు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ను ఉచితంగా దొరికే బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో చేశారు. బొమ్మలకు క్రీటా ఉంది, అదీ ఉచితమే. ఐప్యాడ్ కొనేదాకా ఆగకండి.

ఇక హక్కుల గొడవ. ఇక్కడ కస్టమర్లకొక అపోహ, మాకొకటి. “పైసలిచ్చినం, అంతా మాదే” అని వాళ్లు. “గీసింది నేను, ఎప్పటికీ నాదే” అని మేము. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా సృష్టించినవారే మొదటి హక్కుదారు. ఉద్యోగంలో భాగంగా చేస్తే యజమాని. డబ్బులు తీసుకుని ఒకరి కోరిక మీద చేసిన పెయింటింగో, వీడియోనో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు చేయించుకున్నవాళ్లు. ఒక బత్తాయి రసం షాపు లేబుల్ కోసం మీసాల తాతను గీసిచ్చాను. ఆ తాత తర్వాత ఇంకో రెండు షాపుల బోర్డుల మీద తేలాడు. అడుగుదామంటే నా దగ్గర కాగితం ముక్క లేదు. ఇప్పుడు ఎక్కడెక్కడ వాడుకోవచ్చో వాట్సాప్‌లోనైనా రాయించుకుని, అడ్వాన్స్ తీసుకున్నాకే పెన్ను పడతాను.

చివరి అపోహ: “మోషన్ అంటే అన్నీ కదలాలి.”

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. ఎండ ఎటు తిరిగినా పగలంతా గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ అలాగే నిలబడి ఉంటుంది. దాని మీద పన్నెండు సెకన్ల క్లిప్ చేశాను. బయట సూర్యుడు జరుగుతాడు, మండపంలో వెలుగు మారుతుంది, వచ్చేపోయేవాళ్లు కదులుతారు, నీడ మాత్రం కదలదు. మిగతావి ఎంత నెమ్మదిగా జరిగితే ఆ నీడ కళ్లలో పడుతుందో తేల్చుకోవడానికే మూడు రోజులు పట్టింది. చేయించుకున్నాయన చూసి, బాగుందన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, “అంతా మంచిగున్నది గానీ తమ్మీ, నీడను కదిలించుడు మర్చిపోయినవా?”