ఇండియా గేట్ మీద లేని పేర్లు

పిల్లలూ,

ఢిల్లీ నుంచి మీరు పంపిన ఫొటోలు అందాయి. "తాతయ్యా, ఇండియా గేట్ మీద తెలుగువాళ్ళ పేర్ల కోసం ఎంత వెతికినా దొరకలేదు, మనవాళ్ళు ఎవరూ చనిపోలేదా?" అని అడిగారు. ఫోన్‌లో చెబితే సగం వినరు, అందుకే రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మన దేశపు సైనికులు 74 వేలకు పైమాటే. 1931లో పూర్తయిన ఆ గేటు మీద చెక్కినవి మాత్రం 13 వేల పైచిలుకు పేర్లు. అవి కూడా ఎక్కువగా వాయవ్య సరిహద్దులోనూ, 1919 నాటి అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్ళవి. ఫ్రాన్స్‌లోనో ఇరాక్‌లోనో ప్రాణం విడిచినవాళ్ళ పేర్లు అక్కడ వెతికితే ఎలా దొరుకుతాయి?

మనవాళ్ళు తక్కువగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫలానా జాతులవాళ్ళే యుద్ధానికి పనికొస్తారని ఆనాటి దొరలు ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నారు. అంతకుముందు వందేళ్ళకు పైగా మద్రాస్ పటాలాల్లో తెలుగువాళ్ళు దండిగా ఉండేవారు. ఈ సిద్ధాంతం వచ్చాక దక్షిణాదిలో భర్తీ బాగా తగ్గించేశారు. నాకైతే అదంతా వట్టి బుకాయింపు అనిపిస్తుంది. రెండో యుద్ధం వచ్చి మనుషులు చాలకపోయేసరికి, తామే రద్దు చేసిన మద్రాస్ రెజిమెంట్‌ని మళ్ళీ నిలబెట్టుకున్నారు మరి!

ఢిల్లీలోనే తీన్‌మూర్తి దగ్గర మూడు కంచు విగ్రహాలు ఉంటాయి, చూశారో లేదో. హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల రౌతుల గుర్తుగా పెట్టినవి. 1918 సెప్టెంబర్ 23న ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణం మీదికి గుర్రాలతో దూకింది జోధ్‌పూర్, మైసూర్ దళాలు. ఆ రెండూ ఉన్న బ్రిగేడ్‌లోదే (కొన్ని దళాలు కలిసిన సేన) హైదరాబాద్ దళం కూడా, పాలస్తీనాలో వాళ్ళ పక్కనే పనిచేసింది.

ఇప్పుడు బస్రా సంగతి. ఇరాక్‌లో ఉన్న ఆ స్మారకం 40 వేల మందికి పైగా చనిపోయినవాళ్ళది. బ్రిటిష్ సైనికుల్లో మామూలు సిపాయి దాకా ప్రతి ఒక్కరి పేరూ చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్ల పేర్లు మాత్రం వేసి, సిపాయిలను పటాలం పేరు కింద "ఇంకా ఇంతమంది" అని ఒక అంకెతో సరిపెట్టారు. వంతెనలు కట్టే, కందకాలు తవ్వే మద్రాస్ సాపర్స్ కూడా ఆ ఎడారిలో పనిచేసినవాళ్ళే. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉండేవారు. ఈ స్మారకాలు చూసుకునే కమిషన్ (ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, CWGC అంటారు) 1917లో పుట్టింది. హోదా, జాతి అనే తేడా లేకుండా అందరినీ ఒకేలా గౌరవించడం దాని నియమం. రాసుకున్నది ఒకటి, చేసింది ఒకటి. చివరికి 2021లో ఆ సంస్థే విచారణ వేయించుకుని, ఆసియా, ఆఫ్రికా సైనికులకు అన్యాయం జరిగిందని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వందేళ్ళు పట్టింది!

మన దగ్గర తాడేపల్లిగూడెం పక్కన మాధవరం అనే ఊరుంది. అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ప్రభుత్వం కోసం చూడకుండా తమవాళ్ళను తామే గుర్తు పెట్టుకున్న ఊరు అది. ఇలాంటి ఊళ్ళు ఇంకో పది ఉంటే నేను ఈ ఉత్తరం రాయక్కర్లేదు.

"తెల్లవాళ్ళ జీతానికి వెళ్ళినవాళ్ళే కదా" అని మీలో పెద్దవాడు అన్నాడట. అవును, జీతానికే వెళ్ళారు. ఇంట్లో తిండిగింజలు లేకో, నలుగురిలో మర్యాద కోసమో, అన్న వెళ్ళాడని తమ్ముడో వెళ్ళారు. రెండో యుద్ధంలో నిర్బంధ భర్తీ లేకుండానే 25 లక్షల మంది చేరారు. వాళ్ళను దేశభక్తులనో, బానిసలనో ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళిన కూలీలను మనం అలా తేల్చేస్తామా? అదే రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. సింగపూర్ క్రాంజీలో 24 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో మనవాళ్ళ పేర్లు బోలెడు.

వెతకాలని ఉంటే ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. అయితే ఈనాటి స్పెల్లింగ్ కొడితే ఏమీ రాదు. విశాఖను Vizagapatam అని, కాకినాడను Cocanada అని, విజయవాడను Bezwada అని ఆనాటి ఇంగ్లీషులో రాసినట్టే కొట్టండి. మనుషుల పేర్లు ఇంకా ఘోరం. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేశాడు. నాలుగైదు రకాలుగా ప్రయత్నించండి.

ఇంకో పని. అమ్మమ్మ వాళ్ళింట్లో పాత ట్రంకు పెట్టెలు అటక మీదే ఉన్నాయి. వాటిలో మెడల్ లాంటిది దొరికితే అంచు చూడండి. మొదటి యుద్ధం నాటి గుండ్రటి మెడల్ అయితే సాధారణంగా సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం సన్నటి అక్షరాల్లో ఉంటాయి. మెరవాలని చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పాత వెండి కొనేవాడు వస్తే అస్సలు చూపించకండి. అంచు నాలుగువైపులా ఫొటో తీసి నాకు పంపండి, నా దగ్గర మంచి భూతద్దం ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య