ఇచ్ఛాపురం దాటాక ముప్పై రోజులు

మా పెదనాన్నది ఇచ్ఛాపురం అవతల, ఒడిశాలోని బరంపురం. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందంటే విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. సర్జన్ గారు థియేటర్ బయటికొచ్చి మాస్కు కిందికి లాగి, "గడ్డ మొత్తం తీసేశామమ్మా, సక్సెస్" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆరో రోజు డిశ్చార్జి చేశారు. ఏడో రోజు రాత్రి ఇంటిదగ్గర సన్నగా జ్వరం తగిలింది. వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షను చేసి, "రైలు ప్రయాణం బడలికండీ" అన్నాడు. రెండ్రోజులు అలాగే గడిచాయి. పేగు కోసి మళ్లీ కలిపి కుట్టినచోట లోపల కారుతోందని తేలేసరికి నాడి నూట ముప్పై దాటింది.

ఆపరేషన్ల మీద ఈ మధ్య వచ్చిన పరిశోధనలో కొంత భాగం అలాంటి రెండ్రోజుల చుట్టూనే తిరుగుతోంది. డాక్టర్ల చూపు అక్కడిదాకా రావడానికి మాత్రం వందేళ్లు పట్టింది.

సక్సెస్ అన్న మాటను గట్టిగా నిలదీసిన తొలితరం మనిషి బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసేవాడు. ఆయన అడిగింది చిన్న సంగతే. ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ ఏడాది తర్వాత వెతికి పట్టుకుని ఎలా ఉన్నాడో చూడాలి, బాగోలేకపోతే ఎందుకో కార్డు మీద రాయాలి. తోటి డాక్టర్లకు నచ్చలేదు. ఎందుకు నచ్చుతుంది? కాడ్‌మన్ సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకుని, 1911 నుంచి 1916 దాకా డిశ్చార్జయిన 337 మంది లెక్కా అచ్చు వేయించాడు. అందులో 123 పొరపాట్లు జరిగాయని తనే రాసుకున్నాడు. 1915లో ఒక సభలో బోస్టన్ వైద్యులను వెక్కిరించే కార్టూన్ బయటపెట్టి ఉన్న పరపతి కూడా పోగొట్టుకున్నాడు. 1940లో పోతే సమాధికి రాయి కూడా లేదు. 2014లో పెట్టారు.

ఆయన కార్డులు చాలాకాలం అటకమీదే ఉన్నాయి. తర్వాత లెక్కలు మళ్లీ మొదలయ్యాయి గానీ చాలావరకు ఆసుపత్రుల మధ్య పోలికగా సాగాయి. 2002లో అమెరికా వృద్ధ రోగుల మీద జాన్ బర్క్‌మెయర్ బృందం వేసిన లెక్క అందరి నోటా పడింది. క్లోమం తీసే ఆపరేషన్‌ను చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో నూటికి 16 మందికి పైగా చనిపోతుంటే, అదే పనిగా చేసేచోట నలుగురికి మించలేదు. పెద్ద ఆపరేషన్‌కి పెద్దాసుపత్రికే వెళ్లమని మనవాళ్లు చెప్పే మాటకు ఇది మంచి సాక్ష్యం. కానీ సగం సాక్ష్యమే. పెద్దాసుపత్రి దూరం కూడా కదా.

మిగతా సగం అంతకు పదేళ్ల ముందే, 1992లో, అమెరికా పరిశోధకుడు జెఫ్రీ సిల్బర్ పట్టుకున్నాడు. ఆపరేషన్ తర్వాత చిక్కు (కాంప్లికేషన్) రావడం వేరు, చిక్కు వచ్చిన మనిషిని దక్కించుకోవడం వేరు అన్నది ఆయన వాదన. మొదటిది చాలావరకు రోగి ఒంటిని బట్టి ఉంటుంది. రెండోదే ఆసుపత్రి సత్తా. ఇంత సాదా మాట మూలపడి ఉండకూడదు. మనలాంటి దేశాల దాకా రావడానికి మాత్రం ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన గ్లోబల్‌సర్జ్ అధ్యయనం 82 దేశాల్లో 428 ఆసుపత్రుల నుంచి 15,958 మందిని చూసింది. రొమ్ము, పెద్దపేగు, కడుపు క్యాన్సర్లకు ఆపరేషన్ అయినవాళ్లు. ముప్పై రోజుల్లో ఎవరు బతికారో లెక్కపెట్టారు. రొమ్ము ఆపరేషన్లో దేశాల మధ్య తేడా కనిపించలేదు. పేగు, కడుపు దగ్గరికి వచ్చేసరికి పేద దేశాల్లో చావులు బాగా ఎక్కువ. రోగం ముదిరాక వస్తారు కాబట్టి పోతారని మనం సర్దిచెప్పుకుంటాం. క్యాన్సర్ ఏ దశలో ఉందన్నది ఈ తేడాలో కొంచెమే వివరించగలిగింది. పెద్ద చిక్కు వచ్చాక దక్కించుకోలేకపోవడమే అసలు తేడా. ఆపరేషన్ తర్వాత చూసుకునే ఏర్పాట్లు అన్నివేళలా అందుబాటులో ఉండనిచోట, పెద్ద చిక్కు వచ్చిన ప్రతి వందమందిలో ఏడు నుంచి పది చావులు అదనం అని తేల్చారు.

ఖరీదు లేని మేలూ ఉంది. 2022లో ఇండియాతో కలిపి ఏడు దేశాల్లో 13,301 మంది మీద చేసిన పరీక్షలో, పొట్ట కుట్టే ముందు గ్లవ్స్, పనిముట్లు మార్చినందుకే గాయం చీము పట్టడం నూటికి 18.9 నుంచి 16.0కి తగ్గింది. అంతే, కొత్త జత గ్లవ్స్, శుభ్రమైన పనిముట్లు.

ఇక మా సరిహద్దు సంగతి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ తెలుగువాళ్లు విశాఖ వైద్యానికి వెళ్లడం ఈనాటి అలవాటు కాదు. 1923లో విశాఖలో మెడికల్ కాలేజీ పెట్టినప్పుడు బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరయింది, గీత పడింది, రైలు మాత్రం అదే. 1962లో బరంపురానికే మెడికల్ కాలేజీ వచ్చినా పెద్ద ఆపరేషన్ అంటే ఇంట్లో పెద్దవాళ్లు సంచి సర్దేది విశాఖకే, మాటాడుకోవడానికి తెలుగు ఉంటుందని. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆంధ్రా రేషన్ కార్డు వాళ్లది, మాది కాదు. 2018లో ఒడిశా తన బీజూ ఆరోగ్య కార్డు తెచ్చుకుంది, 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కార్డు ఏదైనా బిల్లు కడుతుంది గానీ, ఏడో రోజు రాత్రి జ్వరమంటే ఫోన్ ఎత్తదు.

పేగు అతుకు కారితే ఎక్కువగా మొదటి పది రోజుల్లోనే బయటపడుతుంది. జ్వరం, గుండె దడ, కడుపు ఉబ్బడం. అవి కనిపిస్తే ఆ పూటే సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి. పెదనాన్న డిశ్చార్జి చీటీ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మందుల పేర్లు, రెండు వారాల తర్వాత రమ్మన్న తేదీ, అంతా ఇంగ్లీషులో. జ్వరం మాట లేదు. అడుగున ఇచ్చిన నంబరు ఓపీ కౌంటర్‌ది, మధ్యాహ్నం రెండు దాకానే. మా అన్నయ్య రాత్రి పదకొండింటికి దానికి నాలుగుసార్లు చేశాడు.

పెదనాన్న బరంపురంలోనే పదమూడో రోజు పోయారు. రమ్మన్న తేదీకి మేం వెళ్లలేదు, వాళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు. ఆ ఆసుపత్రి లెక్కలో ఆయన ఇప్పటికీ బాగుపడి ఇంటికెళ్లిన మనిషే.