ఒంటికి పడని మేకప్: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో పార్లర్ నడుపుతూ, ముహూర్తాల కాలంలో బొబ్బిలి, రాజాం, శ్రీకాకుళం, పలాస వైపు పెళ్లిళ్లకు వెళ్లి పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడం నా వృత్తి. "నాకు మేకప్ పడదండీ" అనే మాట తరచూ వింటుంటాను. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు ఇబ్బందులుంటాయి. ఒకటి చర్మానిది: దురద, మంట, దద్దుర్లు. రెండోది స్పర్శకూ వాసనకూ సంబంధించినది: ముఖం మీద ఏదో పూసి ఉందన్న స్పృహే భరించలేకపోవడం, లిప్‌స్టిక్ వాసనకు కడుపులో తిప్పడం, బ్రష్షు కొస తగిలితే ఒళ్లు జలదరించడం. మొదటిదానికి దద్దుర్లు సాక్ష్యం చెబుతాయి కాబట్టి ఇంట్లోవాళ్లు నమ్ముతారు. రెండోదానికి పైకి కనిపించే గుర్తేమీ ఉండదు. అందుకని పిల్లకు చీవాట్లు పడతాయి.

అపోహ: సహజమైనవి వాడితే ఏమీ కాదు.

మామిడి తోటల జిల్లాలో ఉంటూ ఈ మాట ఎలా అనగలుగుతారో నాకు అర్థం కాదు. సొన తగిలి మూతి పొక్కిన పిల్లలు మన వీధుల్లో ప్రతి వేసవిలో కనిపిస్తారు. పలాసలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్లను అడగండి, పెంకులోని నూనె చేతులను ఎలా కాల్చేస్తుందో చెబుతారు. మామిడి, జీడిమామిడి, ఒకప్పుడు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి, మూడూ ఒకే కుటుంబం చెట్లు. మూడూ పూర్తిగా సహజమే.

నిమ్మరసం కూడా అంతే. పులుపును కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. మన చర్మం పీహెచ్ సుమారు 5 ఉంటే, నిమ్మరసానిది 2 దగ్గర ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగులుతాయి. పసుపు పడనివాళ్లు తక్కువే అయినా ఉన్నారు. నలుగు పెట్టిన మర్నాడు బుగ్గలు కందితే నింద మాత్రం నా ఫౌండేషన్ మీద పడుతుంది! పసుపులో సున్నం లాంటి క్షారం కలిపి చేసిన కుంకుమ వేరు, కృత్రిమ రంగు కలిపి అమ్మేది వేరు. నుదురు దురదపెడుతుందంటే ముందు కుంకుమ మార్చి చూడండి.

ఇక గోరింటాకు. ఆకు ఇచ్చే రంగు నారింజ నుంచి ముదురు ఎరుపు, గోధుమ దాకా ఉంటుంది. గంటలో నల్లగా పండే కోన్లలో చాలావాటిలో పారాఫినిలీన్ డయమీన్ అనే రసాయనం ఉంటుంది. జుట్టుకు వేసే నల్లరంగుల్లో ఉండేదీ అదే. ఒకసారి దానికి ఒళ్లు ఎదురు తిరిగితే, ఏళ్ల తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా ముఖం వాచిపోవచ్చు.

అపోహ: స్టిక్కర్ బొట్టు కింద తెల్లమచ్చ పడితే అది ఒంట్లో లోపం.

కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తుంది. మచ్చ కనిపించగానే స్టిక్కర్ మానేసి చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి. దాన్ని కప్పడానికి ఇంకా పెద్ద స్టిక్కర్ పెట్టేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

అపోహ: ముందురోజు సాయంత్రం మణికట్టు మీద రాసి చూస్తే చాలు.

నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఇక్కడే. రాసిన వెంటనే భగ్గుమనే మంట చాలాసార్లు ఒరిపిడి వల్లో, ఘాటైన పదార్థం వల్లో వస్తుంది. అసలైన అలర్జీ చాలావరకు నెమ్మదిగా బయటపడుతుంది. ఒకటి నుంచి మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే ముందురోజు పరీక్ష ఫలితం పెళ్లిపీటల మీదో, అప్పగింతలప్పుడో తెలుస్తుంది.

నేను చెప్పే పద్ధతి ఇది. ముఖం మీద ఉంచుకునే ఏ వస్తువునైనా మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర ఉదయం, సాయంత్రం రాయాలి. కనీసం వారం పాటు కొనసాగించాలి. ఒక్కసారి ఒక్క వస్తువే. అన్నీ కలిపి రాస్తే దొంగ ఎవరో తెలియదు. జుట్టు రంగుకు మాత్రం ఈ పద్ధతి వద్దు, పెట్టె మీద రాసినట్టే చేయండి. ఇంతకుముందు తీవ్రంగా ఇబ్బంది పడినవాళ్లు ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. వైద్యులు అనుమానమున్న పదార్థాలు పెట్టిన పట్టీలు వీపు మీద అంటించి, 48 గంటల తర్వాత తీసి చూసి, మరో రోజో రెండు రోజులో ఆగి మళ్లీ చూస్తారు. దానివల్ల ఏ పదార్థం పడదో పేరుతో సహా తెలుస్తుంది.

"పదేళ్లుగా ఇదే కాటుక, ఇప్పుడెందుకు పడదు?" అంటారు. అలర్జీ అలా కూడా మొదలవుతుంది. ఇంకో విచిత్రం: గోళ్ల రంగు పడనివాళ్లకు వేళ్లు బాగానే ఉండి, కనురెప్పలు దురదపెట్టవచ్చు. రెప్పల చర్మం పలచన, చెయ్యేమో మాటిమాటికీ అక్కడికి వెళ్తుంది.

అపోహ: ఖరీదైనదైతే, డబ్బా మీద హైపోఅలర్జెనిక్ (అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ) అని ఉంటే భయం లేదు.

ఆ మాటకు మన దగ్గర చట్టం ఇచ్చిన నిర్వచనం లేదు. అన్‌సెంటెడ్ (వాసన తెలియనిది) అని రాసినవాటిలోనూ అసలు వాసనను కప్పే పరిమళం కలపవచ్చు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ (పరిమళం కలపనిది) అని ఉన్నది కొంత నయం. డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. అది పొట్టిగా ఉంటే వెతుక్కోవడం సులువు.

అపోహ: నాది పుట్టుకతోనే సున్నితమైన చర్మం.

కావచ్చు. కానీ ముఖం ఎర్రగా, నిగనిగలాడుతూ, నీళ్లు తగిలినా మండుతోందంటే "తెలుపు కోసం ఏ క్రీము రాస్తున్నావమ్మా?" అని పక్కకు పిలిచి అడుగుతాను. మందుల షాపులో ఎవరో చెప్పి ఇచ్చిన ట్యూబు బయటికి వస్తుంది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లుంటే అది స్టెరాయిడ్. వైద్యుల చీటీ మీద, వాళ్లు చెప్పినన్ని రోజులే వాడాల్సిన మందు అది. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, మానేయగానే మంట తిరగబెడుతుంది. దీనికి నా పెట్టెలో మందు లేదు. ఎలా మానాలో వైద్యులే చెప్పాలి. పెళ్లికి నెలల ముందే నా దగ్గరకు రమ్మనేది ఇందుకే.

అపోహ: స్పర్శ నచ్చకపోవడం గారాబం, రెండుసార్లు వేస్తే అలవాటవుతుంది.

స్పర్శ, వాసన, శబ్దం, వెలుతురు కొందరికి మిగతావాళ్లకన్నా ఎన్నో రెట్లు గట్టిగా తగులుతాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం, ఆటిజం లక్షణాల్లో దీన్ని కూడా చేర్చింది. ఆటిజం లేనివాళ్లలోనూ ఇది ఉంటుంది. నా కుర్చీలో కూర్చున్న పిల్లకు పేరు పెట్టడం నా పని కాదు, ఆమె ఓర్చుకోగలిగినంతలో ముస్తాబు చేయడమే నా పని.

చాలామందికి తేలికపాటి స్పర్శే ఎక్కువ బాధ. మెత్తటి బ్రష్షుతో అలా అలా నిమిరితే గోళ్లు కుర్చీలో గుచ్చుకుంటాయి. అదే తడి స్పాంజితో కాస్త గట్టిగా అద్దితే ఊపిరి తీసుకుంటారు. తాకే ముందు "ఇప్పుడు ఎడమ కన్ను" అని చెప్తాను. చెయ్యెత్తితే ఆపుతాను, ఎందుకని అడగను. లిప్‌స్టిక్, కాటుక తనే పెట్టుకుంటానంటే ఇచ్చేస్తాను. జిగటగా ఉండే లిప్ గ్లాస్ బదులు పెదవులకు పలచని రంగు, అంటించే రెప్పవెంట్రుకల బదులు ఒక పూత మస్కారా. ఆ రోజు నేను సెంటు రాసుకోను. మేనత్తలు, పిన్నులు గదిలో గుంపుగా చేరి "ఇంకొంచెం వేయమ్మా" అనడం మొదలుపెడితే కాఫీ వంకతో బయటకు పంపేస్తాను. ఇది కూడా వృత్తి నైపుణ్యమే.

బాసికం తాడు, పూలజడ బరువు, పట్టుచీర జరీ గీరుకోవడం కూడా ఆ రోజు మేకప్‌తో కలిసి మీద పడతాయి. అందుకని ట్రయల్ రోజున మేకప్ వేసి ఇంటికి పంపిస్తాను. మూడు గంటలు అలాగే ఉండి, అన్నం తిని, ఫోను మాట్లాడి, ఏది ముందు చిరాకు పుట్టించిందో చెప్పమంటాను. చాలాసార్లు ఫౌండేషన్ పేరే వస్తుంది. అది తీసేసి కనుబొమలు, కాటుక, తిలకం, పెదవుల రంగు మాత్రం ఉంచినా ముఖం నిండుగానే ఉంటుంది. ఫొటోలో వెలవెలబోతుందని బెంగపడే అమ్మలకు చెప్పేది ఒకటే: ఫొటోగ్రాఫర్‌ను వెలుతురు సరిచూసుకోమనండి.

అపోహ: మన ఉక్కకు వాటర్‌ప్రూఫ్ తప్ప గతి లేదు.

చెమటకు చెదరనిది రాత్రి తుడిచినా తేలిగ్గా రాదు. ఆ రుద్దుడుకే సగం ముఖాలు కందిపోతాయి. పలచగా వేసి, మధ్యమధ్య కాగితం రుమాలుతో అద్దుకోవడం మేలు. తీసేటప్పుడు వాసన లేని నూనె కానీ మేకప్‌ను కరిగించే క్లెన్సింగ్ బామ్ కానీ రాసి, అరనిమిషం ఆగి, గోరువెచ్చని నీళ్లతో కడగండి. తడి కాగితాలతో (వెట్ వైప్స్) తుడిచి వదిలేయవద్దు, వాటిలోని నిల్వ రసాయనాలు పడనివాళ్లు చాలామందే ఉన్నారు. తీశాక మంట ఉంటే చన్నీళ్ల గుడ్డ వేయండి, టూత్‌పేస్టు వద్దు. పెదవులు, కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా నాకు ఫోను చేసి ఆలస్యం చేయకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్తూ వాడిన డబ్బాలన్నీ సంచిలో వేసుకెళ్లండి, వైద్యులు మొదట అడిగేది అవే.