శేషాచలం పేరీత సరసన అగస్త్యమలై ఆర్కిడ్

తిరుపతిలో బోటనీ చదివేవాళ్లకు సైకస్ బెడ్డోమి కొత్త కాదు. మన శేషాచలం కొండల్లో పెరిగే, ఈతచెట్టులా కనిపించే పేరీతే అది. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించి చేర్చిన ఆరో షెడ్యూల్‌లో, అంటే రక్షిత మొక్కల జాబితాలో, ఆరు రకాల మొక్కలుంటే, వాటిలో పేరీత ఒకటి, చెప్పు ముందుభాగంలాంటి పువ్వులు పూసే స్లిప్పర్ ఆర్కిడ్లు మరొకటి. ఈ ఆర్కిడ్లలో దక్షిణాదిన సహజంగా పెరిగేది ఒక్కటే, పాఫియోపెడిలం డ్రూరీ. దాని బంధువులు దూరంగా ఈశాన్య రాష్ట్రాల్లో, ఆ పైన ఆగ్నేయాసియాలో ఉన్నాయి. ఇది మాత్రం కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమలై కొండల్లో ఒంటరిగా మిగిలింది.

రెండు మొక్కల కథలోనూ ఉన్న మనిషి బెడ్డోమ్. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి. కడప కొండల్లో ఆయన సేకరించిన పేరీతకు 1883లో వృక్షశాస్త్రవేత్త డయర్ ఆయన పేరే పెట్టాడు. అంతకుముందే, 1874లో, బెడ్డోమ్ ఆ ఆర్కిడ్‌ను వర్ణించి, దాన్ని 1865లో కనుగొన్న కర్నల్ డ్రూరీ పేరు పెట్టాడు. అప్పటి పూర్తి పేరు సిప్రిపీడియం డ్రూరీ.

ఆ రోజుల్లో సంచిలాంటి పెదవి ఉన్న ఆర్కిడ్ ఏదైనా సిప్రిపీడియమే. పువ్వు చూస్తే అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కీటకం సంచిలో పడితే నున్నటి గోడ ఎక్కలేదు. వెనకవైపు నూగును పట్టుకుని పైకి పాకి, పుప్పొడి రాసుకుంటూ ఇరుకు దారిన బయటపడాలి. ఈ ఏర్పాటు అన్నింటిలోనూ ఒకటే. తేడా ఆకుల్లో ఉంది. చలిదేశాల సిప్రిపీడియం ఆకులు పలుచగా, ముడతలతో ఉండి ఏటా ఎండిపోతాయి. ఉష్ణదేశపు మొక్కల ఆకులు దళసరిగా, నడిమికి మడిచినట్టుండి, ఏళ్ల తరబడి నిలుస్తాయి. 1886లో వృక్షశాస్త్రవేత్త ఫిట్జర్ వీటిని పాఫియోపెడిలం అనే వేరే ప్రజాతిగా (దగ్గరి జాతుల గుంపుగా) విడదీశాడు. 1892లో మరో వృక్షశాస్త్రవేత్త స్టైన్ మన దక్షిణాది మొక్కను అందులోకి మార్చాడు.

పసుపు రేకుల నడుమ ముదురు గోధుమ చార ఉన్న ఆ పువ్వే మొక్కకు శత్రువైంది. సేకర్తలు కొండవాలులను ఊడ్చేశారు. ఇక లేదనుకున్న మొక్క 1970లలో మళ్లీ కనపడితే, మళ్లీ తవ్వుకుపోయారు. తర్వాత కేరళలోని పాలోడ్‌లో ఉన్న ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ ప్రయోగశాలలో టిష్యూకల్చర్ మొక్కలు పెంచి కొండల్లో నాటింది. ఇప్పటికీ అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతే.

అంతర్జాతీయ వ్యాపారంపై సైట్స్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే దేశాల ఒప్పందం) కఠిన నిషేధం 1987లో మన పేరీతకు, 1990లో పాఫియోపెడిలం ప్రజాతి మొత్తానికి వచ్చింది. ప్రజాతి మొత్తాన్ని కలపడమే సరైన పని అని నా నమ్మకం. పువ్వు లేనప్పుడు ఆకులు చూసి ఇది ఏ జాతో చెక్‌పోస్టు సిబ్బంది తేల్చలేరు. వన్యప్రాణి చట్టంలోనూ 2022 సవరణతో షెడ్యూళ్లు మారి, రక్షిత మొక్కలు ఇప్పుడు మూడో షెడ్యూల్‌లోకి వచ్చాయి.