“ఈ ఫ్యాన్ల పిచ్చి ఎప్పుడు పోతుంది మేడమ్?” ఆటిజంలో ప్రత్యేక ఆసక్తులు: అపోహలు - వాస్తవాలు

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముందు మాటలు ఎప్పుడు వస్తాయని అడుగుతారు. (ఆటిజం అంటే మాట్లాడటం, నలుగురితో కలవడం, ధ్యాస పెట్టడం మిగతావాళ్లకన్నా వేరుగా ఉండే, పుట్టుకతో వచ్చే తీరు.) ఆ తర్వాత చాలామంది అడిగేది ఈ పిచ్చి ఎప్పుడు పోతుందనే. ఫ్యాన్లు, లిఫ్టులు, ఆర్టీసీ బస్సు నంబర్లు, కంపెనీల లోగోలు, క్యాలెండర్లు, రైళ్లు... పిల్లాడికి ఎప్పుడు చూసినా అదే ధ్యాస. చుట్టాలింటికి వెళ్తే ముందు ఆ ఇంటి ఫ్యానుకు ఎన్ని రెక్కలున్నాయో చూస్తాడు, మనుషుల సంగతి తర్వాతే. వీటినే మేం ప్రత్యేక ఆసక్తులు అంటాం. పిల్లలు పెద్దయ్యే కొద్దీ ఇవి ఏమవుతాయన్న విషయంలో ఇళ్లలోనూ స్కూళ్లలోనూ ఎన్నో తప్పు నమ్మకాలున్నాయి. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా నేను తరచూ వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఇదంతా చిన్నతనపు పిచ్చి. పెద్దయ్యాక అదే పోతుంది.

వాస్తవం: విషయం మారవచ్చు. ఒకదానిలో పూర్తిగా మునిగిపోయే తీరు మాత్రం చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉంటుంది. మనలో చాలామంది ధ్యాస ఒకేసారి నాలుగైదు పనుల మీదకు పలచగా పోతుంటుంది. వీళ్లది ఒకటి రెండింటి మీదే గట్టిగా నిలుస్తుంది. డైనా మర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ అనే పరిశోధకులు 2005లో రాసిన వ్యాసంలో దీన్నే ‘మోనోట్రోపిజం’ పేరుతో వివరించారు. వాళ్లలో లాసన్ స్వయంగా ఆటిజం ఉన్న వ్యక్తి.

అపోహ: పట్టుకున్నది వదలరు, మారరు.

వాస్తవం: మారతారు. కొందరిలో ఒక ఆసక్తి నెలల్లోనే ముగిసి, ఇంకొకటి మొదలవుతుంది. కొందరిలో పైకి అదే కనిపిస్తున్నా లోపల ఎదుగుతూ ఉంటుంది. రైళ్లే తీసుకోండి. నాలుగేళ్లప్పుడు నేల మీద బోర్లా పడుకుని, బొమ్మ రైలు చక్రం తిరుగుతుంటే చూడటమే ఆనందం. చదవడం వచ్చాక పేర్లు, నంబర్లు. తర్వాత టైమ్ టేబుళ్లు, ఏ జంక్షన్‌లో ఇంజన్ మారుస్తారు, సిగ్నళ్లు ఎలా పనిచేస్తాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం “ఇంకా ఆ రైళ్లేనా!”

2010 డిసెంబర్‌లో దేశంలో రైళ్ల నంబర్లన్నీ అయిదంకెలకు మారాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్ 2727 కాస్తా 12727 అయింది. పాత నంబర్లన్నీ నోటుబుక్కులో రాసి పెట్టుకున్న ఒక కుర్రాడు కొన్నాళ్లు అన్నం కూడా సరిగ్గా తినలేదు. తర్వాత తనే స్కేలు పెట్టి గళ్లు గీసి, ఒక వైపు పాత నంబరు, ఇంకో వైపు కొత్తది వేస్తూ పట్టిక మొదలుపెట్టాడు. రాసినదాన్ని సరిచూసుకోవడం, వరుసలో పెట్టుకోవడం ఆ పట్టికతోనే నేర్చుకున్నాడు. మేం వర్క్‌షీట్లు ఇచ్చి ఎంత నేర్పినా రానిది అది.

అపోహ: ఆ ధ్యాస మాన్పిస్తేనే మిగతావి నేర్చుకుంటాడు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. దీనికి జవాబు ఆటిజం చరిత్ర మొదట్లోనే ఉంది. 1943లో అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకానికి పరిచయమైంది. అందులో మొదటి పిల్లవాడు డోనాల్డ్ ట్రిప్లెట్, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. వస్తువులు గిర్రున తిప్పడం, అంకెలు, లెక్కపెట్టడం, ఇదే అతని లోకం. కొన్నాళ్లు అతన్ని ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాళ్లు అతని ధ్యాసను మాన్పించలేదు, దానికో పని చూపించారు. ఎప్పుడూ ఏదో ఒకటి కొలుస్తుంటాడని బావి తవ్వమని, ఎంత లోతు వచ్చిందో చెప్పమని అన్నారు. చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ ఏరుకొస్తుంటే, వాటిని పూడ్చడానికి కాస్త స్థలం ఇచ్చి, ఒక్కోదానికి పేరు రాసి గుర్తు పెట్టమన్నారు. మొక్కజొన్న సాళ్లను మళ్లీమళ్లీ లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమని నాగలి చేతికిచ్చారు. కానర్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ అబ్బాయి గుర్రాన్ని కట్టి ఆరు సాళ్లు దున్ని చూపించాడు.

తర్వాత డోనాల్డ్ కాలేజీలో చదివాడు, సొంత ఊరి బ్యాంకులో ఉద్యోగం చేశాడు. ఇరవైల్లో గోల్ఫ్ పట్టుకుంది, ఆ తర్వాత దేశాలు తిరగడం. అంకెలు మాత్రం పోలేదు. తెలిసినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఇచ్చి, దాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేవాడు. 2023లో, 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. అదే 11 మందిలో మానసిక ఆసుపత్రుల లాంటి పెద్ద పెద్ద ప్రభుత్వ సంస్థల్లో చేర్చిన పిల్లలు అప్పటికి వచ్చినవి కూడా పోగొట్టుకున్నారని 1971లో కానరే రాశాడు.

హద్దులు వద్దని నేను అనడం లేదు. నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే దానికి రోజుకు ఇంత సమయమని హద్దు పెట్టాల్సిందే. కానీ ఇష్టమైనదాన్ని లాక్కుని బహుమతిగా తిరిగి ఇవ్వడం రోజువారీ పద్ధతి అయితే, పిల్లాడు ఆ ఇష్టాన్ని మన దగ్గర దాచడం మొదలుపెడతాడు.

అపోహ: ఆడపిల్లల్లో ఇలాంటివి ఉండవు.

వాస్తవం: ఉంటాయి, మన కంటికి ఆనవు. ఒక హీరో, ఒక సీరియల్, కుక్కపిల్లలు, నవలలు... అవి ఆ ఈడు పిల్లలందరికీ ఇష్టమే కదా అనుకుంటాం. ఏది ఇష్టం అన్నదాన్ని కాదు, ఎంత లోతుగా ఇష్టం అన్నదాన్ని చూడాలి. ఇది చూడకపోవడం వల్ల కూడా చాలామంది అమ్మాయిలకు పెద్దయ్యాక గానీ ఆటిజం అని తెలియడం లేదు.

అపోహ: ఇది ఓసీడీ లాంటిదే.

వాస్తవం: ఓసీడీ అంటే వద్దనుకున్నా ఒకే ఆలోచన వస్తూ, ఒకే పని మళ్లీమళ్లీ చేయించే మానసిక సమస్య. అందులో చేయకపోతే టెన్షన్, చేసినా సంతోషం ఉండదు. ప్రత్యేక ఆసక్తిలో ఎక్కువగా ఉండేది సంతోషమే. రెండూ ఒకరిలోనే ఉండే వీలుంది కాబట్టి తేల్చాల్సింది డాక్టరు.

అపోహ: రైళ్ల మాట మానేశాడంటే నయమైపోతున్నట్టే.

వాస్తవం: పదమూడు పద్నాలుగేళ్లకు ఇలా ఆగిపోతే నేను ముందు స్కూల్లో ఏం జరుగుతోందని అడుగుతాను. నలుగురూ నవ్వితే పిల్లలు దాచేస్తారు. ఒక ఆసక్తి పోయి ఇంకొకటి వస్తే సరే. ఏదీ రాకుండా, ఎప్పుడూ ఇష్టపడేవి కూడా ముట్టుకోకుండా పడుకుని ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, రోజంతా అందరిలా నటించి వచ్చిన అలసట కావచ్చు. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించండి. పెద్దవాళ్ల విషయంలోనూ అంతే.

అపోహ: ఇంత ఆసక్తి ఉందంటే జీనియస్, ఆ లైన్లోనే ఉద్యోగం వచ్చేస్తుంది.

వాస్తవం: అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లు కొద్దిమందే. ఆసక్తి ఉద్యోగానికి దారి చూపిస్తే మంచిదే. చూపించకపోతే? ఆఫీసు నుంచి వచ్చి ముప్పై అయిదేళ్ల మనిషి కార్టూన్ బొమ్మలు సర్దుకుంటే సర్దుకోనివ్వండి, అతనికి అలసట తీరేది అక్కడే. నెదర్లాండ్స్‌లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువమందికి ఇలాంటి ఆసక్తులున్నాయని, అవి వాళ్ల సంతోషంతో ముడిపడి ఉన్నాయని తేలింది. ఆసక్తి తీవ్రత మరీ ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం సంతృప్తి తక్కువగా కనిపించింది.

అపోహ: మా తర్వాత వీడికి తిండి, మందులు చూసేవాళ్లుంటే చాలు.

వాస్తవం: అవొక్కటే చాలవు. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం తెచ్చిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ను, అంటే చట్టప్రకారం బాగోగులు చూసే మనిషిని, నియమిస్తుంది. ఆ కాగితాలు సిద్ధం చేసుకునేటప్పుడు ఇంకో పేజీ కూడా రాసి పెట్టండి. ఇప్పుడు ఏది ఇష్టం, అంతకుముందు ఏది ఇష్టం, ఆ నోటుబుక్కులు ఏ బీరువాలో ఉన్నాయి, రోజులో ఏ వేళ వాటితో కూర్చుంటాడు, వాటిని ఎవరైనా సర్దితే ఏమవుతుంది. ఏటా ఒకసారి ఆ పేజీ తిరగరాయండి, ఎందుకంటే మారుతుంది. తను రాయగలిగితే తన చేతే రాయించండి.