కటమరాన్ తూకం కథ

2017 జనవరిలో కేరళలోని వైక్కం రేవులో 'ఆదిత్య' అనే ఫెర్రీ సర్వీసులోకి వచ్చింది. వేంబనాడు సరస్సు దాటించే పడవ. 75 మంది ఎక్కుతారు. దాన్ని నడిపేవి రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, ఒక్కోటి 20 కిలోవాట్లు. రెండూ కలిపితే 54 హార్స్‌పవర్. అంటే మన పొలాల్లో దమ్ము చేసే ఒక మోస్తరు ట్రాక్టర్ ఇంజన్ అంత. ట్రాక్టర్ పాటి శక్తితో 75 మందిని నీళ్ల మీద లాగడం ఎలా కుదిరింది?

పేపర్ల ఫొటోల్లో కనిపించింది పడవ పైకప్పు మీది సోలార్ పలకలే. అసలు కిటుకు కింద ఉంది. ఆదిత్యకు ఒక పెద్ద అడుగు లేదు. సన్నగా, పొడుగ్గా రెండు హల్స్, అంటే నీళ్లలో తేలే పడవ ఒళ్లు, ఉన్నాయి, వాటి మీద వంతెనలా డెక్ ఉంది. అంటే అది కటమరాన్. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవలూ అంతే, కొచ్చిన్ షిప్‌యార్డ్ అల్యూమినియంతో కట్టిన కటమరాన్లు. 2025 మేలో ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో నీళ్లలోకి దిగిన 130 మీటర్ల బ్యాటరీ ఓడ 'చైనా జోరిల్లా' కూడా కటమరానే. ఇంధనం పొదుపు చేయాలన్నా, బ్యాటరీతో నడపాలన్నా అందరూ తిరిగి తిరిగి ఈ జంట పడవ దగ్గరికే ఎందుకు వస్తున్నారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు పేరు సంగతి. కటమరాన్ అనే మాట తమిళ 'కట్టుమరం' నుంచి ఇంగ్లీషులోకి పోయింది. కట్టు మనకూ కట్టే, మరం మన మాను. కోరమాండల్ తీరంలో చూసిన ఈ పడవల గురించి విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. మన తీరంలో దాన్నే తెప్ప అంటారు. తేలిక దుంగల్ని పక్కపక్కన చేర్చి బిగించిన వాహనం. అందులో రెండు హల్స్ లేవు. రెండు హల్స్ ఉన్న పడవలు పసిఫిక్ దీవుల వాళ్లవి. వాళ్లు జంట దోనెలతో వేల కిలోమీటర్ల సముద్రం దాటారు. తెల్లవాళ్లు పేరు మన దగ్గర తీసుకుని పసిఫిక్ వాళ్ల పడవకు తగిలించారు. ఈ తికమక ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

అయినా తెప్ప దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగల్ని ఇసుక మీద ఎండకు ఆరబెట్టడం మత్స్యకారులకు అలవాటు. చెక్క నీళ్లు పీలిస్తే బరువెక్కుతుంది, బరువెక్కితే మరుసటి రోజు అలల మీద లేవదు. ఈ కథంతా ఆ ఆరబెట్టడం చుట్టూనే తిరుగుతుంది.

జోడు పడవలు మనకూ కొత్త కాదు. కృష్ణ మీద బల్లకట్లు, గోదావరి పాయల్లో పంట్లు ఎక్కినవాళ్లకు తెలుసు. రెండు పడవల్ని దూరదూరంగా పెట్టి పైన బల్లలు పరిస్తే లారీ ఎక్కినా ఒరగదు. అక్కడ కావాల్సింది నిలకడ. వేగంతో, నూనె ఖర్చుతో పని లేదు.

యూరప్‌లో కూడా మొదట్లో నిలకడ కోసమే చూశారు. 1662లో విలియం పెటీ డబ్లిన్‌లో జంట హల్స్ ఓడ కట్టించాడు. 1788లో స్కాట్లాండ్‌లోని డాల్‌స్వింటన్ చెరువులో ప్యాట్రిక్ మిల్లర్, విలియం సిమింగ్టన్ కలిసి ఆవిరి యంత్రం పెట్టి నడిపింది కూడా జంట పడవే. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది 'కాస్టాలియా'. ఇంగ్లిష్ ఛానల్‌లో వాంతులు తట్టుకోలేని ప్రయాణికుల కోసం 1874లో కట్టారు. ఒక ఓడను నిలువునా కోసి, రెండు సగాల్నీ దూరం జరిపి, మధ్యలో చక్రాలు పెట్టినట్టుగా ఉండేది. ఊగడం తగ్గింది గానీ వేగం లేదు. ఇనుము, బొగ్గు, ఆవిరి యంత్రం అన్నీ మోయాలి మరి. కొన్నేళ్లకే దాన్ని పక్కన పెట్టేశారు. చివరికి థేమ్స్ నదిలో లంగరు వేసి మశూచి రోగుల ఆసుపత్రిగా వాడుకున్నారు. రెండు హల్స్ పెట్టినంత మాత్రాన పడవ చురుగ్గా కదలదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక్కడ కాస్త ఆగి నీళ్ల సంగతి చూద్దాం. పడవ ముందుకు వెళ్తుంటే ముందొక అల, వెనకొక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ అలల మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవుతో సమానమయ్యేసరికి పడవ తను లేపిన అల గుంటలోనే చిక్కుకుంటుంది. 40 అడుగుల మామూలు పడవకు గంటకు 16 కిలోమీటర్ల దగ్గరే ఈ పరిస్థితి వస్తుంది. ఆ పైన ఎంత డీజిల్ పోసినా ఎక్కువ భాగం అలలు లేపడానికే పోతుంది.

దీన్ని తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. స్పీడ్ బోట్‌లా పెద్ద ఇంజన్ పెట్టి, ముక్కు పైకెత్తి, నీళ్ల మీద జారిపోవడం ఒకటి. దానికి ఇంధనం నీళ్లలా పోయాలి. రెండోది, హల్‌ను సన్నగా చేయడం. వెడల్పుకు పదింతలు, పన్నెండింతలు పొడవుంటే అది నీటిని చీలుస్తుందే తప్ప పెద్దగా పక్కకు నెట్టదు. అల చిన్నదవుతుంది, ఆ గుంట కూడా పెద్దగా అడ్డు రాదు. కానీ అంత సన్నటి పడవ నీళ్ల మీద పెన్సిల్ లాంటిది, దొర్లిపోతుంది. దొర్లకుండా ఉండాలంటే పక్కన ఇంకొకటి పెట్టి కట్టేయాలి. అంటే ఇంధనాన్ని ఆదా చేసేది సన్నదనం. రెండో హల్ ఉన్నది తోడుకు.

ఈ లాభానికి షరతులున్నాయి. రెండు హల్స్ అంటే నీటిని తాకే చర్మం ఎక్కువ, రాపిడి ఎక్కువ. నెమ్మదిగా తిరిగే పడవకైతే ఒంటి హల్లే నయం. అంతకన్నా పెద్ద షరతు బరువు. 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న మామూలు పడవలో ఒక టన్ను అదనంగా వేస్తే మూడు సెంటీమీటర్లు కూడా దిగదు. అదే పొడవుతో, ఒక్కో హల్ ఒక మీటరు వెడల్పున్న కటమరాన్‌లో వేస్తే ఆరు సెంటీమీటర్లు దిగుతుంది. రెండు టన్నులైతే పన్నెండు. సన్నటి హల్స్ బొద్దుగా తయారవుతాయి, డెక్ కింది భాగాన్ని అలలు దబదబా బాదడం మొదలవుతుంది. కటమరాన్ బరువును క్షమించదు.

దీన్ని ముందుగా పట్టుకున్నది తెరచాప పడవల వాళ్లు. 1876లో న్యూయార్క్ పోటీల్లో నథానియల్ హెరెషాఫ్ తన తేలికపాటి కటమరాన్ 'అమరిల్లిస్'తో అందర్నీ దాటేశాడు. ఇది పడవే కాదంటూ మిగతావాళ్లు గొడవ చేసి బహుమతి రాకుండా చూశారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తేలిగ్గా, గట్టిగా కట్టే సరుకు దొరికేదాకా ఆగాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం మెరుగైన ప్లైవుడ్, జిగురు ఆ తర్వాత పడవల షెడ్లలోకి చేరాయి. 1947లో హవాయిలో తయారైన 'మను కై'తో ఆధునిక కటమరాన్ మొదలైందని చాలామంది లెక్క వేస్తారు.

ఇంజన్ కటమరాన్లకు ఊపు వచ్చింది 1970ల మొదట్లో నార్వేలో. వెస్టమరాన్ అనే అల్యూమినియం ఫెర్రీలు అక్కడి ఫియార్డుల్లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో తిరిగాయి. తర్వాతి అడుగు పడింది ఒక ప్రమాదం వల్ల. 1975 జనవరి 5 రాత్రి హోబార్ట్‌లో ఒక సరుకు ఓడ టాస్మన్ వంతెనను గుద్దింది. 12 మంది చనిపోయారు, ఊరు రెండు ముక్కలైంది. వంతెన తిరిగి తెరుచుకోవడానికి రెండున్నర ఏళ్లు దాటింది. ఆ రోజుల్లో డెర్వెంట్ నది మీద జనాన్ని దాటించిన ఫెర్రీల యజమాని రాబర్ట్ క్లిఫర్డ్ తర్వాత కటమరాన్లు కట్టడం మొదలుపెట్టాడు. డిజైనర్ ఫిలిప్ హెర్కస్‌తో కలిసి పెట్టిన కంపెనీయే ఇన్‌క్యాట్ అయింది. 1990 జూన్‌లో వాళ్ల 74 మీటర్ల ఓడ అట్లాంటిక్‌ను 3 రోజుల 7 గంటల 54 నిమిషాల్లో దాటి, 1952 నుంచి అమెరికన్ ఓడ పేరున ఉన్న రికార్డును లాగేసుకుంది.

ఇక్కడే బండి పట్టాలు తప్పింది. వేగం రుచి మరిగాక పొదుపు మాట ఎవరికీ గుర్తులేదు. 1996లో వేల్స్, ఐర్లండ్ మధ్య తిరగడం మొదలుపెట్టిన స్టెనా కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ రకం కటమరాన్‌కు జెట్ విమానం ఇంజన్ల లాంటి నాలుగు గ్యాస్ టర్బైన్లు పెట్టారు. 1500 మందిని, వందల కార్లను గంటకు 74 కిలోమీటర్ల వేగంతో మోసుకెళ్లేది. చమురు ధర పెరిగేకొద్దీ వేగం తగ్గిస్తూ వచ్చారు. దాని అక్కచెల్లెళ్లలో ఒకటి 2007లోనే ఆగిపోయింది, ఈ మార్గంలోనిది 2014 తర్వాత మళ్లీ నడవలేదు.

చిన్న పడవల్లో ఇదే తప్పు ఇంకో రూపంలో జరుగుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన మాల్కం టెనంట్ లాంటి డిజైనర్లు సన్నటి హల్స్‌తో, చిన్న ఇంజన్లతో హాయిగా తిరిగే పవర్ కటమరాన్లు గీశారు. కాగితం మీద అంతా బాగుంటుంది. కడుతున్నప్పుడు యజమానికి డెక్ వెడల్పు కనిపిస్తుంది. ఇంత చోటుందిగా అని ఏసీ, ఏసీకి జనరేటర్, వంటగదిలో రాతి పలక, ఇంకో నీళ్ల ట్యాంకు. ఇల్లు కట్టేటప్పుడు 'ఎలాగూ కడుతున్నాంగా' అంటూ ఒక్కో గదీ పెంచుతామే, అచ్చం అలాగే. బరువు పెరిగితే పెద్ద ఇంజన్, దానికి పెద్ద డీజిల్ ట్యాంకు, ఆ రెండింటినీ మోయడానికి ఇంకా పెద్ద హల్స్. ఈ టెన్షన్ తెలిసిన డిజైనర్ ముందే యజమానితో గట్టిగా పోట్లాడతాడు.

షెడ్‌లో పని జరిగే తీరు చూస్తే బరువు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. అచ్చులో ఫైబర్ మ్యాట్ పరిచి, బ్రష్‌తో రెసిన్ అనే గట్టిపడే జిగురు పూసి, రోలర్‌తో అదమడం పాత పద్ధతి. చెయ్యి ఉదారంగా పడితే మొత్తం బరువులో మూడింట రెండొంతులు రెసినే అవుతుంది. బలం ఇచ్చేది ఫైబర్. రెసిన్ దాన్ని అంటించడానికి మాత్రమే. అదే పొడి గుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి, అంచులు మూసి, పంపుతో గాలి లాగేస్తే రెసిన్ అవసరమైనంతే పీల్చుకుని లోపలికి పాకుతుంది. అప్పుడు లెక్క తిరగబడి ఫైబర్ ఎక్కువ, రెసిన్ తక్కువ అవుతాయి. మధ్యలో ఫోమ్ పలక పెట్టి రెండు పక్కలా పల్చటి ఫైబర్ వేస్తే ఇంకా తేలిక, ఇంకా బిగువు. జాగ్రత్త ఉన్న షెడ్లలో తూకం యంత్రం పక్కనే ఉంటుంది. ప్రతి పలకా, ప్రతి తలుపూ దాని మీద ఎక్కాకే పడవలోకి వెళ్తుంది.

బ్యాటరీలు వచ్చాక ఈ పిసినారితనం తప్పనిసరి అయింది. చైనా జోరిల్లాలో 40 మెగావాట్ అవర్ల బ్యాటరీ ఉంది, దాని బరువు 250 టన్నులు. అంతే పని డీజిల్ ఇంజన్‌తో చేయించాలంటే సుమారు ఎనిమిదిన్నర టన్నుల డీజిల్ సరిపోతుంది. అర్జెంటీనా, ఉరుగ్వేల మధ్య 2100 మందిని, 225 కార్లను దాటించడానికి కట్టిన ఓడ ఇది. మిగతా ఒళ్లంతా తేలిక చేయకపోతే 250 టన్నులకు చోటెక్కడిది? ఆదిత్యలో 54 హార్స్‌పవర్ సరిపోవడం వెనక ఉన్నదీ ఇదే లెక్క, చిన్న కొలతలో.

మన తీరానికి వస్తే, దుంగల తెప్పలు చాలాచోట్ల పోయి వాటి స్థానంలో మోటారు బిగించిన ఫైబర్ తెప్పలు వచ్చాయి. పైన ఫైబర్, లోపల ఫోమ్. ఒడ్డున ఈడుస్తున్నప్పుడు అడుగున గీత పడి, పగులు వస్తే ఫోమ్ మెల్లగా నీళ్లు తాగుతుంది. పైకి ఏమీ కనిపించదు. తెప్ప ఎందుకో బరువెక్కిందని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని మాత్రం తెలుస్తుంది. దుంగలైతే కట్లు విప్పి ఎండలో వేసేవాళ్లు. ఫైబర్‌ను విప్పడానికి కట్లు లేవు.