పొగ, ముసుగు పెడితే కాన్సెప్ట్ అయిపోదు: ఫొటోగ్రఫీ విద్యార్థులకు అపోహలు – వాస్తవాలు

అపోహ: వింతగా కనిపిస్తేనే కాన్సెప్ట్.

వాస్తవం: తెల్ల ముసుగు, రంగు పొగ, పగిలిన అద్దం. కాలేజీ ప్రాజెక్టుల్లో ఈ మూడింటినీ చూసి చూసి విసుగొచ్చింది. ముందు ఆలోచనను ఒక్క వాక్యంలో రాయండి. ‘ఉప్పు’ అని రాస్తే అది విషయం మాత్రమే. ‘ఉప్పు పండించే చేతుల్ని ఉప్పే కొరుక్కు తింటుంది’ అని రాస్తే ఏం తీయాలో తెలుస్తుంది. కనుపర్తి, బింగినపల్లి ఉప్పు మడుల దగ్గర సూర్యాస్తమయం మీకు అక్కర్లేదు. పగుళ్లిచ్చిన మడమలు, తుప్పు తిన్న సైకిల్ చైను కావాలి. ఫ్రేములో ఏ వస్తువు పెట్టినా ఒకసారి తీసేసి చూడండి. వాక్యం కుంటుపడకపోతే ఆ వస్తువు ఉత్త అలంకారం.

అపోహ: మిట్టమధ్యాహ్నం కెమెరా బయటికి తీయకూడదు.

వాస్తవం: పెళ్లి ఫొటోలకు ఆ మాట చెల్లుతుంది. నడినెత్తి ఎండకు కళ్ల కింద గుంతలు నల్లబడతాయి. అలసట చూపాలంటే అదే కావాలి. నేల మీద ఉప్పు రవ్వలు విడివిడిగా కనపడాలంటే మాత్రం ఎండ ఏటవాలుగా పడాలి, కాబట్టి పొద్దున ఏడులోపు వెళ్లండి.

ఉప్పు రాశి ఫ్రేమంతా నిండితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 నుంచి +1.7 దాకా పెంచండి. మరీ తెల్లబడ్డ చోట్లను స్క్రీన్ మీద మిణుకుమనిపించే హైలైట్ హెచ్చరికలో అక్కడక్కడా రవ్వలు మిణుకుమంటే ఫర్వాలేదు, రాశి మొత్తం మిణుకుమంటే తగ్గించాలి.

చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ రాయికి లెక్క తిరగబడుతుంది. −1 దగ్గర మొదలుపెట్టకపోతే నలుపు కాస్తా సిమెంటు రంగులోకి పోతుంది. అందులోని బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. మబ్బు వెలుతురులో అవి చచ్చిపడతాయి. చిన్న టార్చి పక్కనుంచి వేసి మెల్లగా తిప్పుతూ ఉంటే ఒక కోణంలో గుప్పున మెరుస్తాయి, అక్కడ ఆపి తీయండి. పాలిష్ పట్టిన పలకలో ఆకాశమూ, మీ చొక్కా కూడా కనపడతాయి. నల్ల చొక్కా వేసుకోండి. ప్రతిబింబాల్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టరు ఉంటే రాతి ఉపరితలానికి 30–35 డిగ్రీల వాలులో నిలబడి తిప్పండి. నిట్టనిలువుగా పైనుంచి తీస్తే ఆ ఫిల్టరు దండగ.

అపోహ: వెనకంతా ఎంత మసకబారితే అంత ఆర్టు.

వాస్తవం: లెన్స్ రంధ్రం బాగా తెరుచుకునే ఎఫ్/1.8లో వెనకంతా మసకే, ఒంగోలైనా హైదరాబాదైనా ఒకటే. ఊరే మీ విషయమైతే రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/8కి రండి.

అపోహ: ఒకే మనిషి ఫ్రేములో రెండుచోట్ల కనపడాలంటే ఫొటోషాప్‌లో ఆరితేరాలి.

వాస్తవం: కెమెరా కదలకుండా, మనిషిని రెండుచోట్ల నిలబెట్టి తీసిన రెండు షాట్లను కలపడమే ఇది. కష్టమంతా ట్రైపాడ్ దగ్గరే. ఉదాహరణకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ లోపల, తలుపులోంచి వచ్చే వెలుతురుతో తీస్తున్నారనుకుందాం. మాన్యువల్ మోడ్, ఎఫ్/8, ఐఎస్‌ఓ 400. షట్టర్ వేగం వెలుతురును బట్టి ఒక్కసారి కుదిర్చి ఇక ముట్టుకోకండి. ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కి మార్చండి, చేతి వణుకును సరిచేసే లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఒక్కో షాట్‌లో గోడ ఒక్కో రంగు తిరిగి, అతుకు బయటపడుతుంది. మనిషి లేని ఖాళీ ఫ్రేము కూడా ఒకటి తీసుకోండి, తర్వాత అదే ఆదుకుంటుంది.

ఎక్కువమంది బోల్తాపడేది నీడ దగ్గర. మొదటి చోట నిలబడ్డప్పుడు పడే నీడ రెండో చోటును తాకితే, షాట్లు కలిపేటప్పుడు అక్కర్లేని భాగాన్ని మరుగుపరిచే మాస్కింగ్‌తో వేరుచేయడం నరకం. షట్టర్ నొక్కే ముందు నేల వైపు చూడండి. మబ్బు కమ్ముతుంటే రెండు షాట్లూ వెంటవెంటనే తీసేయండి.

అపోహ: బ్లాక్ అండ్ వైట్ చేస్తే గంభీరత వచ్చేస్తుంది.

వాస్తవం: వెంకటగిరి చీర మీది జరీని బూడిద రంగు చేసి ఏం సాధిస్తారు? రంగు మీ వాక్యానికి అడ్డొస్తేనే తీసేయండి. ఏదైనా సరే, కెమెరా పట్టిన సమాచారమంతా దాచే రా ఫైల్‌లో తీస్తే నిర్ణయం తర్వాత తీసుకోవచ్చు.

అపోహ: ఫొటోలు ఎక్కువుంటే మార్కులు ఎక్కువ.

వాస్తవం: నలభై ఫొటోలు 4×6 సైజులో ప్రింటు వేయించి నేల మీద పరవండి. ఫోన్‌లో జరుపుతూ వరస కుదర్చడం కుదరని పని. ఒకే మాట చెప్పే రెండు ఫొటోలుంటే ఒకటి తీసేయాల్సిందే, అది ఎంత అందంగా ఉన్నా సరే. పది, పన్నెండు మిగిలితే చాలు.

అపోహ: అడక్కుండా తీస్తేనే సహజంగా వస్తుంది.

వాస్తవం: ఇలాంటి ప్రాజెక్టుకు అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ముందు మేస్త్రీని, తర్వాత ఫ్రేములోకి వచ్చే ప్రతి మనిషినీ అడగండి. ఫొటో ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. ముఖం వద్దంటే చేతులు తీయండి. రెండోసారి వెళ్లేటప్పుడు ప్రింట్లు పట్టుకెళ్లండి. ‘వాట్సాప్‌లో పంపిస్తాంలే అక్కా’ అని చెప్పి మాయమైనవాళ్లను వాళ్లు చాలామందినే చూసుంటారు.